బీచ్ రోడ్డులో బిస్కెట్లు పంచే మాస్టారికి

మాస్టారూ,

మీ పేరు నాకు తెలియదు. తెల్లారగట్ల విశాఖ బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసిన వేళ, కాళీమాత గుడి దగ్గర బయల్దేరి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం వైపు గుడ్డ సంచితో నడిచే మిమ్మల్ని మాత్రం అక్కడికి నడకకొచ్చే వాళ్లందరం ఎరుగుదుం. మాకంటే బాగా కుక్కలు ఎరుగుతాయి. వీధి కుక్క కానీండి, మెడకి పట్టీ ఉన్న పెంపుడు కుక్క కానీండి, ఎదురొచ్చిన ప్రతిదానికీ రెండో మూడో గ్లూకోజ్ బిస్కెట్లు పెట్టిగానీ మీరు ముందుకు కదలరు. మీది మంచి మనసు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ బిస్కెట్ల వల్ల ఏం జరుగుతోందో మీకు ఎవరో ఒకరు చెప్పాలి. మీలాగే సంచులతో వచ్చే మిగతా పెద్దలకీ తెలియాలని ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను.

మా చిట్టి నాటు కుక్క. నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగు గంటలోపు పూర్తి చేయాలని నా పట్టుదల. అంటే కిలోమీటరుకి ఆరు నిమిషాలు మించకూడదు. విశాఖ ఉక్కలో అది తేలికేమీ కాదు. గట్టిగా పరిగెత్తాల్సిన రోజుల్లో ఒంటరిగా వస్తాను. నింపాదిగా పరిగెత్తే రోజుల్లో చిట్టి నా పక్కనే ఉంటుంది. ఆ నింపాది పరుగులే దమ్ము పెంచేవి. వాటిని మధ్యలో తెగకుండా, ఒకే ఊపులో సాగనివ్వాలి. గుడి దాటామో లేదో చిట్టి చెవులు నిక్కబొడుచుకుంటాయి. మీ సంచిలో కవరు గలగలలాడటం నాకు వినపడకముందే దానికి వినపడుతుంది. ముందు కాళ్లు రెండూ నేలకి తన్నిపెట్టి, నడుం వెనక్కి వాల్చి కూలబడుతుంది. తాడు లాగితే మొహం పక్కకి తిప్పేసుకుంటుంది. నేను "వద్దండీ, పెట్టకండి" అంటాను. మీరు "పోనీలేమ్మా, నోరు లేని జీవి, ఒక్కటే కదా" అంటూ ఇంకోటి తీస్తారు.

ఆ ఒక్కటి ఎంతో చూడండి. పదిహేను కిలోల కుక్కకి రోజుకి సుమారు 800 నుంచి 850 కేలరీలు చాలు. చిరుతిండి అందులో పదో వంతు మించకూడదని పశువైద్యులు చెప్తారు. గ్లూకోజ్ బిస్కెట్లు వంద గ్రాములకి 450 కేలరీల లెక్కన చూస్తే చిన్న బిస్కెట్ ఒక్కోటీ ఇరవై, పాతిక కేలరీలు. నాలుగు తింటే ఆ రోజు కోటా అయిపోయినట్టే. మీరొక్కరే కాదు, దారిలో మీలాంటి వాళ్లు ఇంకో ఇద్దరుంటారు. పైగా ఆ బిస్కెట్ చాలా మటుకు మైదా, చక్కెర. కుక్కలకి తీపి రుచి బాగా తెలుసు. ఒకసారి ఆ రుచి మరిగితే ఇంట్లో పెట్టే గిన్నె చప్పగానే కనిపిస్తుంది.

ఆ గిన్నె వెనక ఎంత పని ఉందో కూడా చెప్పనివ్వండి. మా ఆయనకి మిద్దెతోట అంటే ప్రాణం. పాత సిమెంటు తొట్టెల్లో గుమ్మడి, బీన్స్, క్యారెట్ పెంచుతారు. కూరకి తాలింపు వేయకముందే, ఉల్లి, వెల్లుల్లి తగలకముందే, చిట్టి వాటా చికెన్ ముక్కలు విడిగా ఉప్పు లేకుండా ఉడికించి తీసిపెడతాను. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి కాబట్టి ఆ జాగ్రత్త తప్పదు. ఉడికిన గుమ్మడి ముక్కలు, గుప్పెడు అన్నం, చికెన్ కలిపి పెడితే చిట్టి ఒకసారి వాసన చూస్తుంది. చికెన్ ముక్కలు మాత్రం పెదాల చివరతో ఏరుకుంటుంది. గుమ్మడి ముక్క నోట్లోకి వెళ్లిందంటే దాన్ని నాకి, శుభ్రంగా నేలమీద పెట్టేస్తుంది. తర్వాత గుమ్మం దగ్గరికెళ్లి తాడు వైపు చూస్తూ కూర్చుంటుంది. దాని లెక్కలో అసలు భోజనం బీచ్ రోడ్డులో ఉంది.

ఇలాంటి పేచీ మాన్పించడానికి డాక్టర్లు చెప్పే పద్ధతి ఒకటుంది. వేళకి గిన్నె పెట్టాలి, పావుగంటో ఇరవై నిమిషాలో చూసి తీసేయాలి, మళ్లీ పూటదాకా ఏమీ పెట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క తనంతట తాను పస్తుండదు, రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది. ఇంటిల్లిపాదీ మనసు గట్టి చేసుకుని ఆ పద్ధతి పాటిస్తాం. తెల్లారేసరికి మీ చేతిలో బిస్కెట్ దానికి దొరుకుతుంది, మా శ్రమంతా వృథా అవుతుంది. చిట్టి అన్నిరోజులూ నాకు ఎదురుపడదు కదా అంటారేమో. చిక్కంతా అక్కడే. రోజూ దొరికేదాని కంటే ఎప్పుడో ఒకప్పుడు దొరికేదాని మీదే ఆశ గట్టిగా పాతుకుపోతుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. ఇవాళ దొరక్కపోతే రేపు దొరుకుతుందని చిట్టి ఎదురుచూస్తూనే ఉంటుంది.

నా పరుగు ఆగడం, చిట్టి గిన్నె మిగలడం నాకు కష్టమే. కానీ ఈ ఉత్తరం రాయించింది అంతకంటే పెద్ద విషయం. కుక్కకి ఒంట్లో బాగాలేదని మనకి ముందుగా తెలిసేది తిండి దగ్గరే. మన తీరప్రాంతంలో గోమార్ల బెడద ఎక్కువ. అవి కుట్టడం వల్ల వచ్చే జ్వరంలో ముందుగా కనిపించేది తిండి మానేయడం, నీరసంగా ఓ మూల పడుకోవడం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముదిరితే ముక్కులోంచి రక్తం కారుతుంది. తొలి రోజుల్లో పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో చాలా కుక్కలు కోలుకుంటాయి. ఆలస్యమైతే ఎముక మూలుగ దాకా దెబ్బతింటుంది.

మా కింది వాటాలో వాళ్ల కుక్క అన్నం ముట్టడం మానేసినప్పుడు, బిస్కెట్లకి అలవాటుపడి మారాం చేస్తోందనే అందరూ అనుకున్నారు. అది కూడా మీ దారిలో నడిచే కుక్కే. చిగుళ్లు తెల్లగా పాలిపోయిన రోజున గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. నెల రోజుల మందులతో బతికింది. ఆ ఇంటి వాళ్లు ఇప్పటికీ ఆ మాటెత్తితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. రోజూ గిన్నె ఖాళీ చేసే కుక్క ఒక పూట మానేస్తే ఇల్లంతా కంగారుపడుతుంది. బయట తిని వచ్చే కుక్క మానేస్తే ఎవరూ పట్టించుకోరు. మాస్టారూ, నోరు లేని జీవి తన బాధ చెప్పుకోగలిగిన ఒక్క దారినీ ఆ బిస్కెట్ మూసేస్తోంది.

ఇంకొక్క భయం. మీ తోటి నడక మిత్రుల్లో చాలామందికి షుగర్ ఉంది. వాళ్ల జేబుల్లో షుగర్‌ఫ్రీ తినుబండారాలు ఉంటాయి. కొన్ని చక్కెర లేని చూయింగ్‌గమ్‌లు, మిఠాయిల్లో జైలిటాల్ వేస్తారు. మనుషులకి అది ప్రమాదం కాదు. కుక్క కడుపులోకి కొద్దిగా వెళ్లినా ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరి, గంటలోపే చక్కెర పడిపోయి మూర్ఛ రావచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. ఎండుద్రాక్ష ఉన్న కేకులు మూత్రపిండాలకి చేటు. చాక్లెట్ క్రీమ్ బిస్కెట్లు గుండెకి, నరాలకి చేటు. జాలితో తీసిన చేతికి ఈ తేడాలు తెలియకపోవచ్చు.

వీధి కుక్కల సంగతేమిటని మీరు అడుగుతారు. అడగాల్సిందే. వాటికి తిండి పెట్టడం మానమని నేను చెప్పను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, పిల్లలు ఆడుకునే చోట్లకీ, రాకపోకల దారులకీ దూరంగా, పిల్లలూ వృద్ధులూ తక్కువగా తిరిగే వేళల్లో వాటికి తిండి పెట్టే ఏర్పాటు ఉండాలి. మున్సిపాలిటీలు వార్డుల వారీగా అందుకు చోట్లు చూపించాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నడకదారి మధ్యలో బిస్కెట్లు చల్లితే కుక్కలు అక్కడే గుంపులు కడతాయి, తిండి దగ్గర ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, పరిగెత్తే వాళ్ల వెంటపడతాయి. అప్పుడు జనం కోపం మీ మీదికి రాదు, వాటి మీదికి వస్తుంది. రాళ్ల దెబ్బలు తినేది అవే.

అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. మెడకి పట్టీ ఉన్న కుక్క కనిపిస్తే, తాడు పట్టుకున్న మనిషిని అడగనిదే ఏమీ పెట్టకండి. వద్దంటే ఆ మాట మన్నించండి. ముద్దు చేయండి, చెవుల వెనక నిమరండి, దానికి మీరు కావాలి. వీధి కుక్కలకి బిస్కెట్లకి బదులు ఉప్పు, మసాలా లేని అన్నం, గుడ్డు, ఎండాకాలంలో నీళ్లు పెట్టండి. రోడ్డు మీద కాకుండా మన వార్డులో ఒక చోటు నిర్ణయించుకుందాం. అందుకు మున్సిపాలిటీకి అర్జీ రాసే పని, సంతకాలు సేకరించే పని నేను చేస్తాను. ఆదివారం పూట అన్నం వండి తెచ్చే పని కూడా నాదే. ఇన్నాళ్లుగా కుక్కలు మిమ్మల్ని నమ్మాయి కాబట్టి, ఆ చోటికి వాటిని మళ్లించగలిగింది మీరొక్కరే. ఆ పని మీరు తలకెత్తుకోవాలి.

ఇట్లు,
తరచూ మీకు ఎదురొచ్చే చిట్టి వాళ్ల అమ్మ