పిల్లిని కొల్లేరు పంపిన పుణ్యాత్ములు

ఏలూరులో ఇప్పుడు పిల్లుల్ని ఎవరూ వదిలెయ్యడం లేదు, రెస్క్యూ చేస్తున్నారు. పద్ధతి చాలా తేలిక. అటక మీద వీధిపిల్లి ఈనుతుంది. ఇంటావిడ పాలు పోస్తుంది, పిల్లలు ఫొటోలు తీసి స్టేటస్ పెడతారు. రెండు నెలలు తిరిగేసరికి కూనలు పెరుగు గిన్నె దొర్లించి, సోఫా చీరేస్తాయి. సరిగ్గా అప్పుడే ఇంటాయనకు జాలి పుడుతుంది. పాతిక కిలోల బియ్యం సంచీ దులిపి, నాలుగింటినీ అందులో వేసి, మూతికి పురికొస కట్టి, ఊపిరాడ్డానికి బ్లేడుతో రెండు గాట్లు పెడతాడు. స్కూటరు మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని కైకలూరు రోడ్డెక్కుతాడు. పెదఎడ్లగాడి వంతెన దాటాక ఏదో ఒక చేపల చెరువు గట్టున మూతి విప్పి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాడు. ఎక్కడ వదిలారండీ అని అడిగామా, కోపం వస్తుంది. "వదలడమేంటండీ, కొల్లేరు చేర్చాను. వాటికిక చేపలే చేపలు!" తాడేపల్లిగూడెం వాళ్ళు ఇదే పుణ్యాన్ని గణపవరం, నిడమర్రు మీదుగా మూటగట్టుకుంటారు.

ఈ జాలికి మూలం పెద్దల మాట. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలట. ఇవాళ్టి బంగారం ధరకు చంపే ధైర్యం ఎవరికుంది? గట్టు మీద దింపి వస్తే మాత్రం, ఆ తర్వాత చచ్చేది దాని ఖర్మకొద్దీ. లెక్కలో మనం లేము. నీళ్ళు దాటిస్తే పిల్లి తిరిగి రాదన్నది ఇంకో నమ్మకం. ఊళ్ళోని తమ్మిలేరు ఆనలేదు కాబట్టి ఏకంగా కొల్లేరు. నాకు అర్థం కానిది ఒక్కటే. పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి, గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని గానీ గడప దాటని మనిషి, నాలుగు పిల్లుల్ని కాళ్ళ దగ్గర పెట్టుకుని అంత దూరం ఎలా వెళ్ళొస్తున్నాడు? సంచీలో ఉన్న పిల్లి శకునానికి కనబడదు కాబోలు.

సరే, ఆ చేపల సంగతీ చూద్దాం. చెరువుల్లో ఉండేది బొచ్చె, శీలావతి. కిలో పైబడేదాకా మేపి పట్టే సరుకు. లోతు నీళ్ళలో తిరిగే కిలో బొచ్చెను రెండు నెలల కూన ఏం చేస్తుందని వీళ్ళ ఉద్దేశం? మన ఇంటి పిల్లికి తెలిసిందల్లా చేపలు తోమే చోట కూర్చుని, విసిరిన తలకాయ తినడం. నీళ్ళలో దిగి వేటాడే విద్య నీటిపిల్లిది. దాని కాలివేళ్ళ మధ్య చర్మం ఉంటుంది. కోరంగి మడ అడవుల్లోనూ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే వైపూ కనిపించే ఆ అడవి జంతువు మన అటక పిల్లికి అక్కా కాదు, వదినా కాదు. ఇక పట్టుబడి రోజున గట్టెక్కిన చేప గట్టు మీద ఉంటుందా? ట్రేల్లోకెక్కి, ఐసు కప్పుకుని, లారీలో హౌరా వెళ్ళిపోతుంది. పిల్లికి కడుపునిండా కొల్లేరు చేప పెట్టాలంటే దాన్ని దింపాల్సింది కలకత్తాలో. గట్టు మీద మిగిలేది కాపలా కుక్కలు, కొంగల్ని తోలడానికి కాల్చే టపాకాయలు.

కుక్కల నోట పడకుండా బతికిన ఒకటీ అరా ఊరుకుంటాయా? పిట్టల మీద పడతాయి. 1999లో ప్రభుత్వం కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లను పక్షుల కోసం అభయారణ్యం చేసింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆ పక్షుల పేరు చెప్పి చేపల చెరువుల గట్లు పేల్చి, జనం నోటి దగ్గరి కూడు తీశారు. ఆటపాకలో గూడబాతులు నీళ్ళ మధ్య చెట్ల మీదా, ఇనప స్టాండ్ల మీదా గూళ్ళు పెట్టుకుంటాయి కనుక వాటి జోలికి పిల్లి పోలేదు. తుంగలోనూ గుర్రపుడెక్క మీదా గుడ్లు పెట్టే నీటికోళ్ళకు ఆ సౌకర్యం లేదు. ఇంత తతంగం చేసి కాపాడుకున్న పిట్టల మధ్యకు మనవాళ్ళు ఆదివారం ఆదివారం పిల్లుల్ని సరఫరా చేస్తున్నారు. పైగా కొల్లేరు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి పడితే లంక గ్రామాల మనుషులకే దారి లేకపోయింది. గట్టు మీది పిల్లికి పడవ ఎవరు పంపుతారు?

"అయితే అన్నిటినీ ఇంట్లో పెట్టుకోమంటారా?" అని మన పుణ్యాత్ముడు గుడ్లురుముతాడు. అక్కర్లేదు. ఈయన సంచీలో మోసింది కూనల్ని. తల్లి అటక మీదే ఉంది. అది తొమ్మిది వారాలకు ఈనే జీవి, ఏడాదికి రెండు మూడు ఈతలు. వదలకుండా ఉంచిన ఆడకూన అయిదో నెలకే ఎదకొస్తుంది. చేయాల్సింది తల్లిని పట్టుకుని, పశువైద్యుడి చేత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, గుర్తుకు చెవి కొస కాస్త కత్తిరించి, మళ్ళీ అదే వీధిలో వదలడం. ఎక్కడిదక్కడే తిరుగుతుంది, ఎలుకల్ని పడుతుంది, సంతానం పెరగదు. లోకంలో చాలా ఊళ్ళలో జరుగుతున్న పని ఇదే. ఇందులో చిక్కల్లా, స్టేటస్‌కు పనికొచ్చే ఫొటో ఒక్కటీ రాదు. బోనులో బుసకొట్టే పిల్లి, చేతి మీద గోళ్ళ గీతలు, చివర్లో బిల్లు. ఆ బిల్లు దగ్గరే మనవాళ్ళు పిల్లికి బిచ్చం పెట్టని రకమని తేలిపోతుంది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో మాడే స్థితిలో జంతువును వదిలెయ్యడం నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయలకు తగ్గదు, 50 దాటదు. స్కూటరు మీద కొల్లేరు వెళ్ళి రావడానికి పెట్రోలే అంతకన్నా ఎక్కువవుతుంది.