పెద్ద అద్దాన్ని శ్రమ పడకుండా వంచే 7 చిట్కాలు

16 అంగుళాల టెలిస్కోపు అద్దాన్ని సరైన ఆకారానికి తేవాలంటే రోజుల తరబడి రుద్దాలి. చెడగొట్టాలంటే రుద్దే పనే లేదు, దాన్ని నిలబెట్టే సెల్ చాలు. ఉపరితలం 70 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు అటూ ఇటూ అయితే శని వలయాలు మసకబారడం మొదలవుతుంది.

1. పలుచటి గాజు కొనండి. మందం సగమైతే అద్దం తన బరువుకే నాలుగు రెట్లు వంగుతుంది. మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే 16 రెట్లు. మోయడానికి తేలిక, చెప్పుకోవడానికి గొప్ప.

2. వెనక మూడే ఆధారాలు పెట్టండి, అవీ అంచున. నడుమ భాగం దానంతటదే దిగబడుతుంది. ఆధారాలు ఎక్కడుండాలో లెక్కగట్టే 'ప్లాప్' ప్రోగ్రాము జోలికి పోకండి. లెక్క తేలిందంటే పని నెత్తిన పడ్డట్టే.

3. 18 పాయింట్ల సెల్ తప్పదంటే ఆ ఆధారాలను మోసే త్రిభుజాలను కదలకుండా బిగించేయండి. అవి ఊగితేనే బరువు అన్నిటికీ సమంగా పడుతుంది. తడి వార్నిష్ మీద పెడితే అవే అతుక్కుపోతాయి. చూడవచ్చినవాళ్లు 18 లెక్కపెట్టి మెచ్చుకుంటారు, మోసేవి ఏ మూడో నాలుగో.

4. అద్దాన్ని సిలికాన్‌తో అల్యూమినియం పలకకు అతికించండి. చల్లబడినప్పుడు అల్యూమినియం పైరెక్స్ గాజు కంటే దాదాపు ఏడు రెట్లు ముడుచుకుంటుంది. జిగురు పల్చగా, వెనకంతా పూయండి. మందంగా వేస్తే జిగురే సాగి అద్దాన్ని కాపాడేస్తుంది, జాగ్రత్త.

5. క్లిప్పులు బిగించండి. పని తెలిసినవాళ్లు క్లిప్పుకూ గాజుకూ మధ్య కాగితం దూరేంత సందు వదులుతారు. మీరు స్క్రూ ఇక తిరగనంటున్నా ఇంకో పావు చుట్టు తిప్పండి. ఎవరైనా అడిగితే "భద్రత కోసం" అనండి.

6. అంచునూ వదలకండి. గొట్టం దిగంతం వైపు వాలేకొద్దీ బరువు అంచు మీదికి వస్తుంది. అక్కడ ఒక్కటే బోల్టు పెట్టండి. పట్టీ వాడితే, గరిమనాభి ఉన్న తలం నుంచి వెనక్కి జారనివ్వండి.

7. పరీక్షలు పెట్టుకోకండి. ఫోకస్‌కు ఇటు కోడిగుడ్డులా సాగిన నక్షత్రం, అటు తొంభై డిగ్రీలు తిరిగి సాగితే అది ఆస్టిగ్మాటిజం. సెల్‌లో అద్దాన్ని తిప్పి చూడనివ్వకండి: సాగుడు అద్దంతోపాటు తిరగకపోతే తప్పు అద్దానిది కాదని బయటపడుతుంది. "ఇవాళ గాలి నిలకడగా లేదు", "అద్దం ఇంకా చల్లారలేదు", "నా కన్నే అంత" అని వంతులవారీగా చెప్పండి. మూడోది చెప్పాక ఎవరినీ తల పక్కకు వంచనివ్వకండి. తలతోపాటు సాగుడు తిరగకపోతే కంటికి దోషం లేదని తేలిపోతుంది.

ఇవన్నీ పాటిస్తే పక్కింటి 6 అంగుళాల టెలిస్కోపులో శని వలయాల మధ్య కనిపించే కాసినీ విభజన మీ దాంట్లో కనిపించదు. అప్పుడు తప్పంతా అద్దం చేసినవాళ్ల మీదికి నెట్టి, మళ్లీ రుద్దమని పంపేయండి. అది తిరిగొచ్చేదాకా రాత్రులు హాయిగా నిద్రపోవచ్చు. వచ్చాక అదే సెల్‌లో పెట్టండి.