పూతోపాఖ్యానము

'పూత' యను అచ్చతెనుగు మాటకు 'ఉపాఖ్యానము'ను గుణసంధితో అతికించినందులకు చిన్నయసూరిగారి శిష్యపరంపర నన్ను క్షమింపవలయును. అతుకనిదానిని అతికింపబూనుట యెట్టి ప్రమాదమో చెప్పుటకే ఈ వ్యాసము పుట్టినది గావున, శీర్షికయందే ఒక ఉదాహరణము చూపితిని.

ముప్పదియేండ్లు ఆంధ్రోపన్యాసకుడనై విభక్తిప్రత్యయములతో కాలక్షేపము చేసిన నేను, పదవీవిరమణానంతరము మా బావమఱది ప్రోద్బలమున ఒక పాత లారీలో నాలుగవ వంతునకు యజమాని నైతిని. ఆ వాహనమున ఏ చక్రము నాదియో, ఏ చక్రము అతనిదియో నేటికిని తేలలేదు. ఏదేని చెడినప్పుడు మాత్రము చెడిన భాగము నా వంతులోనిదే యని తప్పక తేలుచుండును. విశాఖపట్టణమున గాజువాక ఆటోనగరులో ఆ లారీకి టూలుబాక్సు, పైకెక్కు నిచ్చెన, క్యాబిను మీది క్యారియరు, నీళ్ళడబ్బా స్టాండు, ఇరుప్రక్కల సైడుగార్డులు, ఇవన్నియు క్రొత్తగా ఎమ్మెస్ యాంగిలుతోను, గొట్టముతోను, రేకుతోను వెల్డింగు చేయించితిమి. పని ముగిసిన సాయంకాలము గ్రైండరు తాకిన తావులెల్ల అద్దమువలె మెఱయుచుండగా, సహజసౌందర్యమునకు ఆభరణ మేలయని కావ్యగోష్ఠిలోవలె తలయూపి యింటికి వచ్చితిని.

ఆ రాత్రి సముద్రముపైనుండి గాలి వీచినది. తెల్లవాఱునప్పటికి ఆ సౌందర్యమునకు కామెర్లు సోకినవి; మూడవనాటికి కామెర్లు ముదిరి తట్టుగా మాఱినవి. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచో తుప్పు పుట్టునని చిన్ననాడు చదివితిని గాని, ఆ కల్యాణమునకు ఉప్పు పెండ్లిపెద్ద యై ముహూర్తమును ఎంత ముందునకు జరుపునో సముద్రతీరమున లారీ కొన్నవానికి గాని తెలియదు. ఉప్పునకు తుప్పునకు ఉన్నది ప్రాసమైత్రి మాత్రమే కాదు, బంధుత్వము. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ఊరూర ఉద్యమించిన మనము, తుప్పు ఎవరి హక్కో కూడ ఆనాడే తేల్చుకొని యుండవలసినది.

"ఏదో ఒక పూత పూయించాలి బావగారూ. లేకపోతే వర్షాకాలం వెళ్ళేసరికి మనకి టూల్‌బాక్స్ ఉండదు, జల్లెడ ఉంటుంది" అనెను మా బావమఱది.

ఏ పూత? ఈ ప్రశ్న నోటినుండి వెలువడినదో లేదో, మతాచార్యులకంటె మతభేదము గల ఆచార్యులు నలుదిక్కులనుండి నన్ను చుట్టుముట్టిరి. రంగుల దుకాణదారు ఒక్కక్షణమైనను ఆలోచింపక రెడ్ ఆక్సైడు డబ్బా నొకదానిని బల్లపై పెట్టెను. అది యేమని అడిగితిని. "అందరూ అదే వేస్తారండి" అనెను. ఈ నిర్వచనముతో తృప్తి చెందక ఇంటికి వచ్చి మా అబ్బాయి పాత రసాయనశాస్త్రపుస్తకమును తిరుగవేయగా, రెడ్ ఆక్సైడులోని ఎఱుపు అయస్సుయొక్క ఆక్సైడే యనియు, తుప్పనగా నీటితో కూడిన ఆ ఆక్సైడే యనియు తెలిసి నిశ్చేష్టుడ నైతిని. మా లారీపై రాత్రికి రాత్రి ఉచితముగా పండుచున్న పంటకు సోదరుని వంటి పదార్థమును, లీటరుకింత యని వెల యిచ్చి కొని, దానిపైననే పూయవలయునట! ముల్లును ముల్లుతోనే తీయవలయునని మా బావమఱది సమర్థించెను. నిజమునకు ఇనుమును కాపాడునది ఆ ఎఱుపు కాదు, దానిని పట్టియుంచు జిగురుపొర. ఆ పొరయు ఒంటరిగా నీటిని చిరకాల మాపలేదు గావున పైన ఎనామిలు వేయక తప్పదు. ఈ రహస్యము దుకాణదారునకు తెలియక కాదు. నాకును తెలిసినదని గ్రహించిన వెంటనే ఎనామిలు డబ్బా నొకదానిని కూడ బల్లపై పెట్టెను.

పూర్వము ఇనుమునకు సిందూరము పూసెడివారు. అది సీసపు భస్మము. తుప్పును నిలువరించుటలో మహాఘటికము, నరులకు మాత్రము విషము. గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశమున 2017 నవంబరునుండి కట్టడి వచ్చినది. ఆంజనేయస్వామికి సిందూరము పూయు ఆచారములోని అంతరార్థమును పౌరాణికు లెన్నివిధముల చెప్పినను, నాకు మాత్రము ఇప్పుడొక క్రొత్త అర్థము స్ఫురించినది: బహిరంగప్రదేశమున శతాబ్దములుగా నిలిచిన స్వామికి తుప్పు పట్టిన దాఖలా యొక్కటియు లేదు గదా!

పిదప గాల్వనైజింగు. కప్ప కాళ్ళను విద్యుత్తుతో ఎగురజేసిన ఇటలీ పండితుడు గాల్వనీ పేరు దీనికి దక్కినది. 1837లో పేటెంటు పొందినవాడు మాత్రము ఫ్రాన్సులోని సోరెల్ అనువాడు. శ్రమ యొకనిది, పేరు మఱియొకనిది యగుట సాహిత్యమునకే పరిమితము కాదని తెలిసి కొంత ఊరట చెందితిని. ఇంచుమించు 450 డిగ్రీల వేడిలో కరగిన యశదమున ఇనుమును ముంచి తీయుదురు. యశదము శిబిచక్రవర్తి వంటిది: పొర ఎచ్చటనైన గీసికొని పోయినను, ఇనుము జోలికి రావలదని తుప్పును తనవైపు త్రిప్పికొని తన శరీరమునే కొంచెము కొంచెముగా అర్పించును. ఇంతటి త్యాగమూర్తి దొరకినదని సంతోషించి నిచ్చెనను ఆ ముంచు తొట్టి యున్నచోటికి మోయించుకొని పోగా, అచ్చటి మేస్త్రీ దాని గొట్టమును వ్రేలితో తట్టి, "రెండు కొసలూ మూసేశారు, కన్నమేదండీ?" అనెను. కన్నము లేని గొట్టమును ఆ తొట్టిలో ముంచినచో లోనిగాలి వేడికి వ్యాకోచించి గొట్టము బాంబువలె ప్రేలునట. టూలుబాక్సు తలుపు పలుచని రేకు గావున వంకర తిరుగునట. ప్రేలు నిచ్చెనతోను, మూతపడని పెట్టెతోను నాలుగవ వంతు యజమాని పడవలసిన బాధలను తలచుకొని, శిబికి నమస్కరించి వెనుకకు మరలితిని.

పౌడరు కోటింగు వాడు విద్యుదాకర్షణతో పొడిని అంటించి, 200 డిగ్రీల పొయ్యిలో కాల్చి, పెండ్లికుమారుని వంటి నమూనాను చూపెను. ఒకచోట ఱాయి తగిలి పెచ్చు లేచినచో ఏమి చేయవలయునని అడుగగా, మాట మార్చెను. డ్రైవరు అన్నిటికంటె చౌక మార్గము చెప్పెను: కాలిన ఇంజనాయిలు. తన సిద్ధాంతమును నిచ్చెన మీద ఋజువు చేసియు చూపెను. ఆనాడు నేను కట్టిన గ్లాస్కో పంచె నేడు ఆ లారీయందే తుడుపుగుడ్డగా సేవ చేయుచున్నది. ఏ పూతయు లేకయే 1600 ఏండ్లుగా నిలిచిన ఢిల్లీ ఇనుపస్తంభమును కూడ తలచుకొంటిని. దానిలో భాస్వరము అధికముగా నుండుటచే పలుచని రక్షకస్తరము ఏర్పడినదని లోహశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని గుప్తులకాలపు కమ్మరిని గాజువాకలో ఎచ్చట వెదకుదును?

తుదకు ఒక వృద్ధ పెయింటరు వచ్చి, లారీ ప్రక్కన గొంతుకూర్చుండి, యాంగిలు మీది నల్లనినీలపు పొరను మేకుతో గీకి పెచ్చుగా లేపెను. "మాస్టారూ, రంగు ఇనుముకి అంటుకోవాల గానీ, ఇనుము మీదున్న పొట్టుకి అంటుకుంటే ఏటి లాభం? పొట్టు ఊడిన్నాడు రంగూ ఊడుతాది" అనెను. కొలిమిలో ఎఱ్ఱగా కాగిన ఇనుము రోలర్లనడుమ సాగునప్పుడు పట్టిన పొర యది. దానిని గీకుటకు మూడుదినములు పట్టుననియు, రంగు కూలికంటె గీకుడు కూలియే ఎక్కువ యగుననియు చెప్పెను. కంటికి కానరాని పనికి, కానవచ్చు పనికంటె ఎక్కువ వెల యిచ్చుట నా అర్థశాస్త్రమునకు సమ్మతము కాలేదు. గీకుడును పరిహరించి, చౌకగా వేఱొకనిచే రెడ్ ఆక్సైడును ఎనామిలును పూయించితిని. చిత్రపటమువలె నుండెను. ఒక్క వానకాలము గడచునంతలో ఆ పటము అప్పడమువలె పొంగెను. పొంగును వ్రేలితో నొక్కగా ఎఱ్ఱనిపొడి జలజల రాలెను. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె కొన్నిరెట్లు ఎక్కువ చోటు కోరును. అద్దెకు దిగి ఇల్లంతయు ఆక్రమించు బంధువువలె పైకప్పును సైతము లేపును.

మరల ఆ వృద్ధుని కాళ్ళు పట్టుకొంటిని. ఈసారి నేనును కూలిపని చేసితిని. తీగబ్రష్షు, 80 నంబరు ఎమరీ కాగితము, థిన్నరు గుడ్డ. పదునైన అంచులపై రంగు నిలువదు గావున ఆకురాయితో వానిని గుండ్రన చేయుట. నీరు నిలువకుండ టూలుబాక్సు అడుగున రెండు కన్నములు. లోహము తెల్లగా బయటపడిన నాడే, సముద్రపుగాలి పసికట్టకమునుపే, రెండుడబ్బాల ఎపాక్సీ ప్రైమరును గట్టిపఱచు ద్రవముతో కలిపి, ముందుగా మూలలకు, వెల్డింగు గీతలకు ఒక చేయి పూసి, పిదప అంతటను ఆ వృద్ధుడు పూసెను. ఎపాక్సీ ఎండకు సుద్దవలె పొడిరాలును గావున దానిపై పాలీయురెథేను. కలిపిన రంగు కొన్నిగంటలలో డబ్బాలోనే గడ్డకట్టును గావున అతడు నన్ను కాఫీకి సైతము పోనీయలేదు. ఆ పూత నేటికిని చెక్కుచెదరలేదు.

చెదరినది నా బుద్ధి. మూడుదినముల గీకుడుతో నాకొక దివ్యదృష్టి అబ్బినది: ఎచ్చట నల్లనిపొర కానవచ్చినను అది పొట్టేయని, దానిక్రింద శుద్ధలోహము ఉద్ధరణకై ఎదురుచూచుచున్నదని తోచెడిది. ఒక తెల్లవాఱుజామున వంటింట మా యింటిదాని అట్లపెనము కంటబడినది. మా అత్తగారు కాపురమునకు పంపిన నాటినుండి నలువదియేండ్లుగా పేరుకొనిన నల్లనిపొర! ఆమె లేచునంతలో ఆశ్చర్యపఱతునని జేబులోని ఎమరీ కాగితము తీసి, గంటసేపు గీకి, థిన్నరుతో తుడిచి, వెండిపళ్ళెమువలె మెఱయజేసి గోడకు ఆనించితిని.

ఆమె చూచెను. ఒక్కమాటయు ఆడలేదు. పెసరట్టు పోసెను. లారీకి పూసిన ఏ రంగునందును నేనెఱుగని అతుకుడుగుణము ఆ పెసరట్టునందు ప్రత్యక్షమైనది. పెనమును వీడనని అది భీష్మించినది. మఱునాటి ఉదయమునకు పెనము నిండ తుప్పు. పలుచని నూనెపొర పదేపదే వేడికి గట్టిపడి ఇనుమునకు కవచమగుననియు, పాతకాలపు రంగులలో అవిసెనూనె చేసినపని అదియే యనియు, ఈ ఊరిలో ఏ డబ్బాలోను దొరకని పూతను నలువదియేండ్లు మా వంటింట పెట్టుకొని నేను ఆటోనగరమంతయు గాలించితిననియు అప్పుడు గదా తెలిసినది!

వారమురోజులు ఉప్మాయే. ఆ వారాంతమున మా బావమఱది వచ్చునప్పటికి ఆమె చింతపండుతో తోమిన పెనమును పొయ్యిపై నుంచి, ఉల్లిపాయచెక్కను నూనెలో ముంచి ఓర్పుతో రుద్దుచుండెను. పొగ గుమ్మము దాటి వచ్చుచుండెను.

"ఏమిటక్కా అది?"

"రెండో కోటు. ఆరేదాకా మీ బావని ఇటు రానీకు."