నీళ్లెక్కువ, కొబ్బరి తక్కువ

గురువారం వచ్చిందంటే పాలకొల్లులో సగం ఊరు బాబా గుడికి బయల్దేరుతుంది. మా బొమ్మల బాబాయ్ టీకొట్టుకి బయల్దేరతాడు. అమెరికాలో కొత్త కామిక్ పుస్తకాలు బుధవారం షాపుల్లో దిగుతాయి. వాళ్లకి బుధవారం సాయంత్రమయ్యేసరికి మనకి గురువారం తెల్లారిపోతుంది. కాబట్టి ఏ పుస్తకం ఎలా ఉందో ఊళ్లో మొట్టమొదట చెప్పాల్సింది తనేనని ఆయన నమ్మకం. రెండోవాడు చెప్పడానికి ఊళ్లో రెండోవాడు లేడు, అది వేరే సంగతి.

"పుస్తకం ఇంకా రాలేదు కద బాబాయ్, నువ్వెలా చెబుతున్నావ్?" అని ఒకసారి అడిగాను.

"కాయ కొట్టాకే లోపల నీళ్లున్నాయని చెప్పేవాడు కొబ్బరి వ్యాపారం ఏం చేత్తాడ్రా? అట్ట చూత్తే తెలవదూ!" అన్నాడు.

ఆయనకి కాలవగట్టు మీద కొబ్బరికాయల కొట్టుంది. నలభై ఏళ్లు దింపులూ వలుపులూ లారీ లోడ్లూ చూసి, కొట్టు కొడుక్కి అప్పజెప్పాడు. అప్పజెప్పాడన్నది మాటవరసకే. రోజూ పొద్దున్నే వచ్చి కాయల రాశి పక్కన కుర్చీ వేసుకుని కూచుంటాడు. చేతిలో ఒకప్పుడు కాయ ఉండేది, ఇప్పుడు పుస్తకం ఉంటోంది. అల్లుడిది న్యూజెర్సీలో ఉద్యోగం. మనవడు చదివి పక్కన పడేసిన కామిక్కులన్నీ సంక్రాంతికి సూట్‌కేసు అడుగున పరుచుకుని వస్తాయి. తిరుగు ప్రయాణంలో అదే సూట్‌కేసులో ఆవకాయ, పూతరేకులు వెళతాయి. ఎంత గట్టిగా మూత బిగించినా ఎక్కడో ఓచోట నూనె కారుతుంది. మా బాబాయ్ దగ్గరున్న స్పైడర్‌మేన్‌లన్నీ కొంచెం ఆవకాయ వాసన కొడతాయంటే కారణమిదే.

పుస్తకానికి ఆయన విలువ కట్టే పద్ధతి దగ్గరుండి చూడాల్సిందే. ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని పేజీలు బొటనవేలితో జర్రున వదులుతాడు, కాయని ఊపి నీళ్ల చప్పుడు వింటాడే, అలాగన్నమాట. కళ్లు సగం మూసుకుంటాడు. తర్వాత ధర చూస్తాడు. అయిదు డాలర్లకి ఒక్క సెంటు తక్కువ, అంటే మన డబ్బులో 400 దాటిపోయింది. కథ ఇరవై పేజీలకి అటూ ఇటూ. "పేజీకి ఇరవై రూపాయలు!" అని రాశి కట్టే కుర్రాడికి వినపడేలా అంటాడు. వాడు పాపం ఏమనాలో తెలియక "ఆయ్" అంటాడు.

తర్వాత రకం తేలుస్తాడు. బొమ్మలు మెరుస్తూ కథ లేకపోతే 'బొండం', తాగేసి పారేయడమే. రచయిత కొత్తవాడై తొందరపడితే 'లేతకాయ'. కథ కుదిరితే 'ముదురుకాయ'. అట్ట ఒకటి చెప్పి లోపల ఇంకోటుంటే 'డొల్ల'. అన్నిటికీ పైన 'కురిడీ'. అటక మీద నెలల తరబడి ఎండి, నీరంతా ఇంకిపోయి, లోపల కొబ్బరి మొత్తం ఒక గుండులా విడివడి లొడలొడలాడుతుందే, అది. ఆ మాట ఆయన నోటి నుంచి అమెరికా పుస్తకానికి రాగా నేను వినలేదు. కురిడీ అంటే చందమామే. అందులోనూ దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లే. తోకచుక్క, పాతాళదుర్గం, శిథిలాలయం అంటూ వేళ్లు మడుస్తాడు. "ఆ మహానుభావుడు పేరైనా ఏసుకోలేదురా. ఈళ్ల అట్ట మీద చూడు, కథోడు, బొమ్మలోడు, రంగులోడు, అచ్చరాలోడు. పెళ్లి శుభలేఖ మీద బంధుమిత్రుల్లాగా!"

ఇందులో ఆయనది అన్యాయమే. రంగులు వేసినవాడి పేరూ అక్షరాలు దిద్దినవాడి పేరూ అట్టకెక్కడం ఆ దేశంలో ఒక్కరోజు పోరాటంతో వచ్చింది కాదు. సుబ్రహ్మణ్యం గారి పేరు వేయకపోవడం మన గొప్పా కాదు. ఈ మాట నేను ఆయనతో అనలేదు. టీ డబ్బులు ఆయనే ఇస్తాడు.

2024 అక్టోబరులో డీసీ కామిక్స్ కంపెనీ వాళ్లు 'అబ్సల్యూట్ బ్యాట్‌మేన్' మొదలెట్టారు. రాసింది స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా. 1939 నుంచీ కోటీశ్వరుడిగా బతికిన బ్యాట్‌మేన్‌కి ఇందులో దమ్మిడీ ఆస్తి లేదు. బంగళా లేదు. తండ్రి బడిపంతులు, చనిపోయాడు. తల్లి బతికే ఉంది. ఇతను ఇంజనీరు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు దుష్టుల్ని తంతుంటాడు. ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి. మా బాబాయ్ ఇది విని మొదటిసారి కుర్చీలో సర్దుకుని కూచున్నాడు.

"ఇదీ కతంటే. డబ్బున్నోడు దొంగల్ని తన్నడం గొప్పేటి? ఆడి ఆస్తి ఆడు కాపాడుకుంటున్నాడు. నెలజీతం గాడు తన్నాడు చూడు, అదీ." కాసేపాగి, "కానీ ఒక్క తిరకాసుందిరా. ఇంజనీరన్నవాడు పగలు కనపడకపోవడం మనకి తెలుసు. రాత్రి కనపడ్డమేటి?" అన్నాడు. ముదురుకాయ అని తేల్చాడు. ఆయన లెక్కలో అది పద్మశ్రీ.

అదే ఏడు జనవరిలో మొదలైన 'అల్టిమేట్ స్పైడర్‌మేన్' మీద మాత్రం దయ చూపలేదు. జొనాథన్ హిక్‌మన్ రాసిన ఆ కథలో పీటర్ పార్కర్ కుర్రాడు కాడు, ముప్పై దాటి పెళ్లాం ఇద్దరు పిల్లలతో కుదురుగా కాపరం చేసుకుంటున్నవాడు. అప్పుడు సాలీడుతో కుట్టించుకుంటాడు. "అడిగి మరీ కుట్టించుకున్నాడంట! పిల్లల ఫీజులు కట్టే వయసులో మనకి పట్టుకునేది సుగరు. వీడు గోడలు పాకుతాడంట. ఇంట్లో ఆవిడ ఒప్పుకుందా అని అడుగుతున్నాను." ఈ ప్రశ్న మూడు గురువారాలు నడిచింది. మూడో గురువారం పక్క కొట్టాయన ఎటూ తేల్చలేక తన బిల్లు తనే కట్టేసి వెళ్లిపోయాడు.

ఆయన్ని అన్నిటికంటే మండించేది నంబర్లు. అమెరికా కామిక్ కంపెనీలు కథ కాస్త చల్లబడగానే ఆపేసి, మళ్లీ 1 అని వేసి మొదలెడతాయి. కొన్నేళ్లకి పాత లెక్క గుర్తొచ్చి పెద్ద నంబరు వేస్తాయి. సూపర్‌మేన్ 1938లో పుట్టిన 'యాక్షన్ కామిక్స్' 2018లో 1000వ సంచిక వేసుకుంది. కానీ మధ్యలో 2011లో ఒకసారి 1కి దిగొచ్చి, తర్వాత మళ్లీ పాత లెక్కకి ఎక్కింది. "కొట్టు మూసెయ్యకుండానే ఏటేటా ప్రారంభోత్సవం అంటే ఎలాగ? ఎన్ని కాయలు కొడతారు?" అని ఆయన బాధ. ఒకే పుస్తకానికి పదేసి అట్టలు వేసి అమ్మడం తెలిసిన రోజున అన్నం సరిగా తినలేదని పిన్ని చెప్పింది. "ఒక కాయకి పది పీచులు!"

ఇక దెయ్యాల పుస్తకాలకి పరీక్ష వేరు. అవి పగలు చదవడు. రాత్రి పదకొండు దాటాక, కొట్టు వెనక రేకుల షెడ్డులో, కాయల రాశుల మధ్య ఒక్క బల్బు కింద చదువుతాడు. ఉలిక్కిపడితే పుస్తకం పాసు. లేకపోతే డొల్ల.

ఒక రాత్రి జేమ్స్ టినియన్ రాసిన 'సమ్‌థింగ్ ఈజ్ కిల్లింగ్ ది చిల్డ్రన్' మొదటి సంచిక పట్టుకున్నాడు. 2019లో మొదలైన కథ. ఒక చిన్న ఊళ్లో పిల్లలు మాయమైపోతుంటారు. మాయం చేసే రాక్షసులు పిల్లలకే తప్ప పెద్దలకి కనపడరు. వాళ్లని వేటాడ్డానికి ఎరికా స్లాటర్ అనే పిల్ల దిగుతుంది, వెంట ఒక ఆక్టోపస్ బొమ్మ. బాబాయ్ అద్దాలు సర్దుకుని పేజీ తిప్పుతున్నాడు. రాశి వెనకాల ఎలక కదిలింది. ఇంకో పేజీ తిప్పాడు. ఆ పేజీలో ఏముందో ఇప్పటికీ సరిగా చెప్పడు. సరిగ్గా అప్పుడే షెడ్డు మీదికి వంగిన చెట్టు నుంచి ఎండుకాయ ఒకటి రేకుల మీద ఢామ్మని పడింది. ఆయన వేసిన కేకకి వీధి కుక్కలన్నీ లేచాయి. పిన్ని టార్చిలైటు పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఓపక్క, పుస్తకం ఓపక్క, ఈయన కాయల రాశి ఎక్కేసి ఉన్నాడు.

"కాయ పడిందండీ" అంది పిన్ని.

"కాయ కాదే, కత!" అన్నాడు రాశి మీంచే.

తెల్లారి టీకొట్టులో ఆ పుస్తకం ముదురుకాయయింది. మర్నాటి రాత్రి 'మార్వెల్ జాంబీస్' చదివాడు. 2005 నాటి కథ, సూపర్‌హీరోలందరూ పీనుగులైపోయి దొరికినవాణ్ణల్లా పీక్కు తింటారు. ఆ రాత్రి కాయ పడలేదు. డొల్ల అని తేల్చేశాడు. "చెట్టు పాసు చేస్తే పాసు, చెట్టు తప్పిస్తే తప్పు" అని పిన్ని అందరికీ చెప్పుకుంటోంది.

దెయ్యాల విషయంలో ఆయనకి అమెరికా మీద పాత కక్ష ఒకటుంది. 1954లో అక్కడి పెద్దలు, ఈ పుస్తకాలు చదివి పిల్లలు చెడిపోతున్నారని గోల చేస్తే, పబ్లిషర్లు భయపడి తమకి తామే ఒక నియమావళి రాసుకున్నారు. పేరులో 'హారర్' అన్న మాట ఉండకూడదు, రక్తం తాగే పిశాచాలూ నడిచే శవాలూ కనపడకూడదు. ఆ దెబ్బకి 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' లాంటివి మూతపడ్డాయి. "అక్కడ శవం నడవకూడదన్నారు. ఇక్కడ మన చందమామలో శవం రాజుగారి భుజమెక్కి నెలనెలా కత చెప్పింది. పైగా చివర్న ప్రశ్న! ఒక్క పిల్లోడు చెడ్డాడా? నేను చెడ్డానా?" అంటాడు. చెడలేదని టీకొట్టంతా ఒప్పుకుంటుంది. చందమామలో ఆ కథకి శంకర్ గారు వేసిన బొమ్మ గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. చేతిలో కత్తి, భుజాన శవం, వెనకాల శ్మశానం. ఆ బొమ్మ వేసినాయన 2020లో పోయాడని పేపర్లో చదివిన రోజున బాబాయ్ కొట్టు తెరవలేదు.

టీకొట్టులో ఆయనకి పోటీ మాట్లాడేది సెల్‌ఫోన్ల షాపు కుర్రాడొక్కడే. "ఈ పుస్తకాలెందుకండీ, సినిమా చాలదా? మనూరోళ్లే తీశారు కదండీ" అంటాడు. వాడి మాటా కొట్టిపారేసేది కాదు. మా ఊరి క్షీరారామం గుడి గోపురం నీడన పుట్టిన కోడి రామకృష్ణ 1995లో 'అమ్మోరు', 2009లో 'అరుంధతి' తీసి రాష్ట్రమంతా దుప్పటి ముసుగేయించాడు. ఈ ఊళ్లోనే పుట్టిన ప్రశాంత్ వర్మ 2021లో 'జాంబీ రెడ్డి' తీశాడు, 2024 సంక్రాంతికి 'హనుమాన్' తెచ్చాడు. దెయ్యమైనా సూపర్‌హీరో అయినా పాలకొల్లు సరుకే. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన గడ్డ కదా, ఊహ పుట్టినవాడల్లా రైలెక్కి సినిమాకే పోయాడు. బొమ్మల పుస్తకానికి ఎవడూ మిగల్లేదు.

బాబాయ్‌కి ఇక్కడే కాలుతుంది. "శివకాశిలో అరవోళ్లు 1972 నుంచీ ముత్తు కామిక్స్ ఏత్తున్నార్రా. తర్వాత లయన్ కామిక్స్. ఇటలీ గుర్రపు రౌతు కూడా అక్కడ అరవం మాట్లాడతాడు. టపాసులు చేసే ఊళ్లో పుస్తకాలు చెయ్యగలిగారు, మనం మూడు పంటలు పండించి పుస్తకం పండించలేదు." ఈ ఒక్క మాట దగ్గర నాకు ఆయనతో పేచీ లేదు.

ఆయన తీర్పుల్లో ఎప్పుడూ మారనిది ఇంకోటుంది. ఏ పుస్తకమైనా, ఎంత మెచ్చుకున్నా, చివర్న తప్పకుండా అంటాడు. "రెండో సంచికలో పల్చబడిపోద్దిరా. నీళ్లెక్కువ, కొబ్బరి తక్కువ." చాలాకాలం ఇది అనుభవం మీద చెబుతున్నాడనుకున్నాను. మొన్న భోగి నాడు వాళ్లింటికి వెళితే అటక మీది పెట్టె దింపమన్నాడు. దుమ్ము దులిపి లెక్కపెట్టాను. నలభై పైచిలుకు పుస్తకాలు. అన్నీ 1వ నంబరే. కంపెనీలు ఊరించడానికి వేసే మొదటి సంచిక కొనడం, నెల తిరిగేసరికి ఇంకో మొదటి సంచిక మీదికి దూకడం మనవడికి అలవాటు. రెండోది ఇంతవరకూ ఆవకాయ వాసన చూడలేదు.

ఆ సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. ఈ ఏడు వాళ్లు రావడం లేదు, సెలవు దొరకలేదట. బాబాయ్ ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. చెట్టు మొదట్లో నిలబడి, మేం వినట్లేదనుకుని, మెల్లిగా అడిగాడు.

"ఒరే నాన్నా, ఆ గొడ్డలి ఇంజనీరు ఉన్నాడే... తర్వాతేటైందిరా?"

"అది ఆపేశాను తాతా. ఇప్పుడు గేమ్స్ ఆడుతున్నా."

"ఆ... మంచిదేలే. ఎలాగూ పల్చబడే ఉంటది" అన్నాడు.

న్యూజెర్సీ నుంచైనా, డాలస్ నుంచైనా, మీలో ఎవరైనా ఈ వైపు వస్తుంటే చిన్న మనవి. పాలకొల్లు కాలవగట్టు మీద దిగి బొమ్మల బాబాయ్ కొట్టెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. 'అబ్సల్యూట్ బ్యాట్‌మేన్' రెండో సంచిక పట్రండి. ఒకటోది ఆయన దగ్గరుంది.