పాత కంప్యూటర్‌కు వైఫై: తలకిందులుగా కనిపించే పది చిట్కాలు

పిల్లవాడు ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది కొన్న డెస్క్‌టాప్. వాడు చదువు ముగించి ఉద్యోగానికి వెళ్లిపోయాడు, చేతిలోకి ల్యాప్‌టాప్ వచ్చింది. ఆ డెస్క్‌టాప్ మాత్రం దుప్పటి కప్పుకుని గది మూలన ఉండిపోయింది. నాతవరం, నర్సీపట్నం చుట్టుపక్కల ఇలాంటి కంప్యూటర్లకు కొదవ లేదు. ఈ లోపు కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ ఊళ్లలోకి వచ్చింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే కనెక్షన్ అన్నారు. అలా ఇంట్లోకి నెట్ వచ్చింది, వైఫై వచ్చింది. ఫోన్లన్నీ అందుకున్నాయి. డెస్క్‌టాప్‌కే ఆ దారి లేదు, ఎందుకంటే దాంట్లో వైఫై లేదు.

అప్పుడు నర్సీపట్నమో తునో వెళ్లి యూఎస్‌బీ పోర్టులో పెట్టే ఒక వైఫై డాంగిల్ కొంటారు. పెడితే పనిచేయదు. ఇక సలహాలు మొదలవుతాయి. ఇంకా ఖరీదైనది కొను, ఫార్మాట్ కొట్టించు, ఈ డబ్బా పాత ఇనుము వాడికిచ్చి కొత్తది తెచ్చుకో. వీటిలో ఏది విన్నా ముందు పోయేది మీ డబ్బే. కింద చెప్పినవి ఆ సలహాలకు సరిగ్గా ఎదురు దిక్కులో ఉంటాయి. వినగానే తప్పుగా అనిపించవచ్చు. చేసి చూడండి.

1. వైఫై కోసం బయల్దేరే ముందు తీగ లాగండి

సీపీయూ వెనక చూడండి. ఫోన్ తీగ పెట్టే రంధ్రం కంటే కాస్త వెడల్పుగా, చదరంగా ఒక పోర్టు ఉంటుంది. అది లాన్ పోర్టు. ఎంత పాత కంప్యూటర్‌లోనైనా సాధారణంగా ఉంటుంది. ఫైబర్ బాక్సుకు కూడా అలాంటివే ఉంటాయి. ఆ రెంటినీ ఒక క్యాట్ 5ఈ లాన్ కేబుల్‌తో కలిపితే పని అయిపోయినట్టే. 100 మీటర్ల వరకు ఆ తీగ నెట్‌ను మోస్తుంది. హాల్లోంచి పడగ్గదికి, కింది అంతస్తు నుంచి డాబా మీదికి ఆ దూరం ధారాళంగా చాలు. పాస్‌వర్డ్ అడగదు, సిగ్నల్ తగ్గదు, గోడలు అడ్డురావు.

ఒక్క హెచ్చరిక. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి ఆరుబయట గాలిలో రాగి లాన్ తీగ వేలాడదీయవద్దు. పిడుగుల కాలంలో అది రెండిళ్ల పరికరాలనూ కాలుస్తుంది, మనుషులకూ ప్రమాదమే.

2. డాంగిల్ కొనకండి, ముందు ఫోన్‌ను వాడండి

తీగ లాగే వీలు లేకపోతే మీ ఆండ్రాయిడ్ ఫోనే డాంగిల్. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలపండి. ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించండి. సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్న చోటే యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. చాలా ఫోన్లు తాము అందుకుంటున్న వైఫైనే కంప్యూటర్‌కు దాటిస్తాయి, మొబైల్ డేటా ఖర్చు కాదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే నాసిరకం కేబుల్ అయితే ఆ ఆప్షన్ వెలగదు. కేబుల్ మార్చి చూడండి. విండోస్ ఎక్స్‌పీకి దీనికోసం విడిగా డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము, కావాల్సి వస్తుంది. విండోస్ 7, ఆ తర్వాతి వాటిలోనూ, లినక్స్‌లోనూ మామూలుగా దానంతట అదే కుదురుకుంటుంది. డాంగిల్‌కు డ్రైవర్ దించుకోవాలన్నా ముందు నెట్ కావాలి కదా, ఆ చిక్కు కూడా దీంతోనే తీరుతుంది.

3. కొత్త రకం వద్దు, పాత రకమే అడగండి

షాపులో 1200, 1300 అని రాసి ఉన్నవి చూపిస్తారు. పాత కంప్యూటర్‌లోని యూఎస్‌బీ 2.0 పోర్టు కాగితం మీద కూడా సెకనుకు 480 మెగాబిట్లు దాటదు. ఇంకా పాతదై యూఎస్‌బీ 1.1 అయితే 12 దగ్గరే ఆగిపోతుంది. మీ నెట్ ప్లాన్ 30 మెగాబిట్లదైతే 1200 డాంగిల్ పెట్టినా వచ్చేది 30 లోపే. 2009లో ఖరారైన 802.11ఎన్ రకం, డబ్బా మీద 150 అనో 300 అనో ఉన్నది చాలు. 150 అని రాసిన దానికి నిజంగా చేతికందేది సగంలోపే. అయినా పరీక్ష దరఖాస్తుకూ, వీడియో పాఠానికీ అది సమృద్ధి.

పాత రకం అడగడానికి ఇంకో కారణం డ్రైవర్. నిన్న మొన్న వచ్చిన వైఫై 6 డాంగిళ్లలో చాలావాటికి విండోస్ 10, 11కే డ్రైవర్లు ఇస్తున్నారు. విండోస్ 7 కంప్యూటర్‌కు అది ఎంత ఖరీదైనదైనా పనికిరాదు.

4. కంపెనీ పేరు వదిలేయండి, లోపలి చిప్ పేరు పట్టుకోండి

సంచీ మీద ఏ బొమ్మ ఉన్నా లోపల విత్తనం ఏ రకమని రైతు అడుగుతాడు. డాంగిల్ దగ్గరా అదే అడగాలి. బయట కంపెనీలు వందైనా లోపలి చిప్ చేసేవాళ్లు కొద్దిమందే: రియల్‌టెక్, మీడియాటెక్, దాంట్లో కలిసిపోయిన రాలింక్, క్వాల్‌కామ్‌లో కలిసిపోయిన ఎథెరోస్. ఒకే మోడల్ నంబరు మీద వేర్వేరు చిప్‌లు వస్తాయి. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది. పైన పేరు ఒకటే, ఒకదాని డ్రైవర్ మరొకదానికి పనిచేయదు. అందుకే డాంగిల్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే వెర్షన్ నంబరును ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి చదవండి.

ఆ అక్షరాలు చెరిగిపోయినా, పేరే లేని డాంగిల్ అయినా చిప్ తెలుసుకోవచ్చు. డాంగిల్ పెట్టి, డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు ఉన్న పరికరం మీద రైట్ క్లిక్ చేయండి. ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అక్కడ హార్డ్‌వేర్ ఐడీస్. వీఐడీ అన్న దాని పక్కన నాలుగు అక్షరాలుంటాయి. 0బీడీఏ అంటే రియల్‌టెక్, 148ఎఫ్ అంటే రాలింక్, 0సీఎఫ్3 అంటే ఎథెరోస్. దాని తర్వాత పీఐడీ పక్కన మరో నాలుగుంటాయి. ఈ ఎనిమిదీ కాగితం మీద రాసుకోండి. వాటిని వెతికితే మీకు కావాల్సిన డ్రైవర్ ఏదో కచ్చితంగా తెలుస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే. దీన్ని దాటేసి చేసేదంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

5. డబ్బాలో వచ్చిన సీడీని పక్కన పెట్టండి

ఆ సీడీలోది మూడు నాలుగేళ్ల కిందటి డ్రైవర్ కావచ్చు, మీ వెర్షన్‌ది కాకపోవచ్చు. ఫోన్‌తో గానీ టెథరింగ్‌తో గానీ కంపెనీ సైట్‌కే వెళ్లి, మోడల్, వెర్షన్, విండోస్ రకం, 32 బిట్టా 64 బిట్టా అన్నీ చూసి దించుకోండి. డ్రైవర్లన్నీ ఒకే క్లిక్‌తో సరిచేస్తామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లకండి. డ్రైవర్ వస్తుందో రాదో గానీ చెత్త మాత్రం తప్పకుండా వస్తుంది.

కొన్ని డాంగిళ్లు పెట్టగానే వైఫైలా కాకుండా సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. పాడైపోయిందని తిరిగి ఇచ్చేయకండి. డ్రైవర్ దాని కడుపులోనే ఉంది. విండోస్‌లో ఆ డ్రైవ్ తెరిచి సెటప్ నడిపితే అసలు రూపంలోకి వస్తుంది. లినక్స్‌లో ఆ డ్రైవ్‌ను ఎజెక్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

డివైస్ మేనేజర్ చూపే కోడ్ నంబర్లనూ పట్టించుకోండి. కోడ్ 28 అంటే డ్రైవరే పడలేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది గానీ పరికరం మొదలవ్వలేదు, పోర్టు మార్చి చూడాలి. కోడ్ 52 అంటే డ్రైవర్ మీది డిజిటల్ సంతకాన్ని విండోస్ గుర్తించలేదు. విండోస్ 7లో ఇది తరచూ వస్తుంది. కొత్త పద్ధతి సంతకాలను గుర్తించడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కేబీ3033929 అప్‌డేట్ వేస్తే చాలావరకు పోతుంది.

6. చేతికందే పోర్టులో పెట్టకండి

ముందు వైపు పోర్టు సులువు. కానీ పాత సీపీయూల్లో అక్కడి నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సన్నని తీగలు వదులై ఉంటాయి, కరెంటు చాలదు, డాంగిల్ పది నిమిషాలకోసారి పడిపోతుంది. వెనక మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి. అయితే వెనక పెడితే ఇనుప డబ్బా, గోడ రెండూ సిగ్నల్‌కు అడ్డం. అందుకని ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని, డాంగిల్‌ను బల్ల మీదికి తెచ్చుకోండి. డాంగిల్‌కూ రౌటర్‌కూ మధ్య ఇనుప బీరువా ఉంటే బీరువాను జరపండి. నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్‌డిస్క్ నడుస్తుంటే దాని పక్కన డాంగిల్ పెట్టవద్దు. ఆ పోర్టు నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పడుతుంది.

7. రౌటర్‌ను ఒక మెట్టు దించండి

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి మీ వైఫై పేరే కంప్యూటర్‌లో కనిపించదు. ఫోన్‌లో కనిపిస్తుంది. తరచూ కారణం రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉండటం. 150 రకం డాంగిళ్లకు 2.4 మాత్రమే తెలుసు. రౌటర్‌లో 2.4కు విడిగా మరో పేరు పెట్టండి. ఛానల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి. మన దేశంలో 12, 13 కూడా వాడతారు. అమెరికా కోసం చేసిన డాంగిల్‌కు 11 దాటితే కనిపించదు. భద్రత దగ్గర డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాతవి కలవవు. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌కు మార్చండి. ఎక్స్‌పీ అయితే దానికీ సర్వీస్ ప్యాక్ 3 ఉండాలి. దించడం అక్కడితో ఆపాలి. పాత డాంగిల్ కోసం డబ్ల్యూఈపీ పెట్టడం, పాస్‌వర్డ్ తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

8. సిగ్నల్ నిండుగా ఉండి పేజీ తెరుచుకోకపోతే గడియారం చూడండి

వైఫై కలిసింది, గీతలన్నీ ఉన్నాయి, ఏ సైట్ తెరిచినా భద్రత లేదంటూ ఎర్ర హెచ్చరిక. డాంగిల్ మీద నెపం వేయకండి. స్క్రీన్ కింద మూల తేదీ చూడండి. 2009 అనో 2002 అనో ఉంటే తప్పు మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీది. కరెంటు తీసేసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. దాని మీద సీఆర్2032 అని ఉంటుంది, గడియారాలు బాగుచేసే కొట్లలో దొరుకుతుంది. కరెంటు తీగ పీకి, పాతది తీసి, రాత ఉన్న వైపు పైకి ఉండేలా కొత్తది పెట్టి తేదీ సరిచేయండి.

తేదీ సరిగ్గా ఉన్నా కొన్ని సైట్లు రాకపోతే అది సర్టిఫికెట్ల చిక్కు. 2021 సెప్టెంబరు 30న సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడే ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు ముగిసింది. అప్‌డేట్లు లేని పాత కంప్యూటర్లు అప్పటి నుంచి ఎన్నో సైట్లను నమ్మడం మానేశాయి. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లను తానే తెచ్చుకుంటుంది, దానితో ప్రయత్నించండి.

9. పనిచేయడం మొదలయ్యాక అప్‌డేట్ చేయకండి

ఒకసారి కుదిరిన డ్రైవర్‌ను కదిలించవద్దు. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచి, డాంగిల్ మోడల్, వెర్షన్, ఆ ఎనిమిది అక్షరాలు రాసిన కాగితాన్ని సీపీయూ పక్కన అంటించండి. రేపు ఎవరు ఫార్మాట్ కొట్టినా అవే ఆదుకుంటాయి. తర్వాత డివైస్ మేనేజర్‌లో డాంగిల్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్ తీసేయండి. కాసేపు ముట్టుకోకపోతే నెట్ పోయే జబ్బుకు చాలాసార్లు మందు ఇదే. ఇవి డ్రైవర్ గురించి చెప్పిన మాటలు. విండోస్ భద్రతా అప్‌డేట్లు, బ్రౌజర్ అప్‌డేట్లు వస్తున్నంతకాలం వేసుకోవాల్సిందే.

10. కంప్యూటర్‌ను కాదు, విండోస్‌ను వదిలించుకోండి

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఎక్స్‌పీ, 7లతో నెట్‌లో తిరగడం తలుపు తీసి నిద్రపోవడమే. వాటిలో బ్యాంకు పనులు అసలు పెట్టుకోవద్దు. విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దానితో కంప్యూటర్ ఆన్ చేసి చూడవచ్చు. డాంగిల్ అక్కడ పనిచేస్తే వస్తువు మంచిదే, తప్పు విండోస్ డ్రైవర్‌దని తేలిపోతుంది. ఏఆర్9271, రాలింక్ ఆర్‌టీ5370 లాంటి చిప్‌లకు డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంది, సీడీ వెతుకులాట ఉండదు. కోర్ 2 డ్యూయో ఉంటే 64 బిట్ లినక్స్ నడుస్తుంది. ఇంకా పాత 32 బిట్ యంత్రమైతే ఆంటిఎక్స్ 23 లాంటిది 1 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది. డెబియన్ మాత్రం 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది. ముందుగా హార్డ్‌డిస్క్‌లోని ఫొటోలు, సర్టిఫికెట్లు మరోచోట దాచుకోవడం మరవకండి.

ఇంత శ్రమ ఎందుకంటారా? పెద్ద తెర మీద, కీబోర్డు మీద పదివేళ్లతో పనిచేయడం ఫోన్‌తో అబ్బే విద్య కాదు. ఆన్‌లైన్ పరీక్ష రాయబోయే పిల్ల మొదటిసారి మౌస్ పట్టుకునేది పరీక్ష కేంద్రంలోనే అయితే ఆ నష్టం మనం చేసిందే. మీ ఇంట్లో దుప్పటి కింద ఉన్న కంప్యూటర్‌ను ఈ ఆదివారం బయటకు తీయండి, దుమ్ము దులపండి, ముందు లాన్ తీగ పెట్టి చూడండి. అది కుదరకపోతే ఫోన్. అదీ కుదరకపోతేనే డాంగిల్, అదీ చిప్ పేరు అడిగాకే. మీ పిల్లలకు అక్కర్లేకపోతే పక్కింటి పిల్లలకు ఇవ్వండి.