ఎగ్రీజియస్ మీమాంస

నేను రాసిన నోట్ మీద మా పై అధికారి ఎర్ర సిరాతో 'ఎగ్రీజియస్ ఎర్రర్' అని రాసి పంపారు. ఘోరమైన తప్పని పక్క సీటు గుమాస్తా తాత్పర్యం చెప్పాడు. మామూలు మనిషైతే మనసు కష్టపెట్టుకుని ఊరుకునేవాడు. నేను శాస్త్రాన్ని ఆశ్రయించాను.

లాటిన్‌లో 'గ్రెక్స్' అంటే మంద. అందులోంచి విడిగా, మిన్నగా నిలిచినవాడు 'ఎగ్రెగియుస్'. రోమన్ల నోట ఇది మెచ్చుకోలు. (మందబుద్ధిలోని మంద సంస్కృతపుది, దీనికి చుట్టం కాదు; అధికారివారు గమనించ ప్రార్థన.) ఈ మందకు సంతానం ఎక్కువ. భక్తులు గుమిగూడితే కాంగ్రెగేషన్, మార్కులన్నీ కూడితే అగ్రిగేట్, తడి చెత్తనీ పొడి చెత్తనీ విడదీస్తే సెగ్రిగేషన్. కాంగ్రెస్ కూడా ఈ మందలోదేనని పూర్వపక్షం. అది చెల్లదు. దాని ధాతువుకు అర్థం నడవడం. నడిచొచ్చి ఒకచోట కలుసుకోవడం కాంగ్రెస్. వచ్చాక కలిసుంటారా అన్నది వ్యాకరణం పరిధి కాదు.

16వ శతాబ్దంలో ఇంగ్లీషు గడప తొక్కినప్పుడు ఈ మాటకు మర్యాద ఉండేది. మార్లో 'టాంబర్లేన్' రెండో భాగంలో రాజప్రతినిధులకు ఇదే గౌరవ విశేషణం. షేక్‌స్పియర్ 'సింబెలిన్'లోనో, ఒక పాత్ర తానే హంతకుణ్నని తిట్టుకుంటూ దీన్ని వాడుకుంటుంది. రెండర్థాలూ కొంతకాలం ఒకే చూరు కింద కాపురం చేశాయి. చివరికి మంచిదే ఇల్లు విడిచింది. ఇటలీలో మాత్రం 'ఎగ్రేజో' అంటూ నేటికీ ఉత్తరం మొదలుపెడతారు, మన పాత కార్డుల మీది మహారాజశ్రీ లాగా.

పతనానికి హేతువు వెటకారమై ఉండాలని పండితుల ఊహ. తెలుగువాడికి ఇందులో ఊహించేందుకేముంది? ప్రబుద్ధుడంటే మేలుకొన్నవాడు, జ్ఞాని. మన ఇళ్లలో ఆ బిరుదు పరీక్ష తప్పిన కొడుక్కి దక్కుతుంది. 'ఏం ఘనకార్యం చేసొచ్చావురా' అని తండ్రి అడిగితే ఏ పిల్లవాడూ పూలదండ కోసం మెడ వంచడు.

కాబట్టి నా తప్పు మందలో కలవని తప్పనీ, రోమన్ లెక్కన ప్రమోషన్‌కు అర్హమనీ నాలుగు పేజీల సంజాయిషీ సమర్పించుకున్నాను. అధికారి ఓపిగ్గా చదివి, కళ్లజోడు తీసి, 'అబ్బో, మీరు మహా పండితులండీ' అన్నారు. ఆ 'మహా' ఏ శతాబ్దపు అర్థంలో అన్నారో పరిశీలనలో ఉంది.