యానాం మైలేజీ

కాకినాడ నిండా పెట్రోలు బంకులే. అయినా మా బాబాయ్ కారు మాత్రం యానాం వెళ్ళి పోయించుకుంటేగానీ ఊరుకోదు.

"ఇక్కడ పోయించుకునేవాడికి లెక్కలు రానట్టేరా" అంటాడు. ఆ మాట కొట్టిపారేసేదీ కాదు. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, ఆపైన లీటరుకి 4 రూపాయలు, రోడ్ల సెస్సని ఇంకో రూపాయి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ పన్ను తక్కువ. ఓ 30 కిలోమీటర్లు ఓపిక పడితే లీటరుకి పది రూపాయలకి పైనే మిగులు. తాళ్ళరేవు వాళ్ళకైతే పక్కింటికెళ్ళి వచ్చినట్టే!

మొన్న శనివారం నన్నూ ఎక్కించుకున్నాడు. పొద్దున్న ఆరింటికి మారే రేటు ఫోన్లో చూసుకున్నాకే బండి కదిలింది. చల్లటి పూట పెట్రోలు చిక్కగా ఉంటుందని ఆయన నమ్మకం. బంకు ట్యాంకు ఉండేది భూమిలో, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా ఉండదని చెప్పబోయి, మనకెందుకులే అని ఊరుకున్నాను. ఏసీ వెయ్యనివ్వలేదు. చొల్లంగి, కోరంగి దాటేదాకా ఒకటే పాఠం: నెమ్మదిగా తోలితే లీటరుకి 15 ఇస్తుంది, తొక్కామా పన్నెండే.

బంకులో మా కారు ఆగీ ఆగకముందే కుర్రాడు ఐదు లీటర్ల కొలత పాత్ర పట్టుకొచ్చి నేల మీద పెట్టాడు.

"మనం అడిగితే కొలిచి చూపించి తీరాలి. హక్కురా అది!" అన్నాడు బాబాయ్ నాతో.

కుర్రాడు పాత్ర నింపాడు. బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని వంగి, మెడ దగ్గరి గీతని అటొకసారి ఇటొకసారి చూశాడు. చుక్క తేడా లేదు. ఆ ఐదు లీటర్లూ మళ్ళీ బంకు ట్యాంకులోకే పోయాయి. తర్వాత డెన్సిటీ బోర్డు చదివాడు. మీటరు సున్నాలకి నన్ను సాక్ష్యం పెట్టాడు. అప్పుడు, పెళ్ళి ముహూర్తం చెప్పినట్టు,

"ఫుల్ చెయ్యి" అన్నాడు.

కాసేపటికే టప్పుమని గన్ను ఆగింది. మీటరు వైపు చూశాను. 4 లీటర్లు, పైన కాస్త చిల్లర.

"అదేంటి, ఇంతేనా?" అన్నాను.

"ఆయ్, వారం వారం ఇంతేనండి" అన్నాడు కుర్రాడు, గన్ను తగిలిస్తూ. "అయిదు కొలిపిస్తారు, నాలుగు పోయించుకుంటారు."

రానూ పోనూ అరవై. పదిహేనుతో భాగించుకున్నాను.

"బాబాయ్, మరి మధ్యలో కారు బయటికి తియ్యవా?"

"బావుందిరా! ఇంత కష్టపడి తెచ్చుకున్న పెట్రోలు ఊళ్ళో తిరగడానికి తగలేస్తామా? మీ పిన్ని ఆసుపత్రికెళ్ళాలంటే ఆటోలున్నాయిగా!"